అయిదో రాయి

ఆ పొద్దున తూర్పున మబ్బు ఒక్క పొరగా పరుచుకుని ఉంది. దాని అంచుకీ నేలకీ మధ్య బెత్తెడు సందు. సూర్యుడు ఆ సందులోంచి కాసేపు ఎర్రగా కనిపించి, పైకి పోయి మబ్బులో దాక్కున్నాడు. ఆ తరువాత బచ్చన్నపేట నుంచి జనగామ దాకా వెలుతురు ఉంది గానీ ఎండ లేదు. బండి మీద దూరం పోయేవాడికి అంతకన్నా మంచి పొద్దు దొరకదు. నాకు మాత్రం ఎండ కాస్తే బాగుండుననిపించింది. ఎండ ఎక్కువైందని చెప్పి వెనక్కి తిరగొచ్చు.

నేను పోవలసింది రేగొండకు. పరకాల దాటి భూపాలపల్లికి పోయే దారిలో ఉంటుంది. అక్కడ మా అక్క జమ్లీ ఇంట్లో మా బాపు సేవ్యా ఉంటాడు. నా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. అందులో నేను రాసిన కవిత. దాన్ని బాపుకు చదివి వినిపించాలి. బాపుకు రెండు కళ్లూ లేవు. ఆ కళ్లు ఎట్లా పోయాయో ఆ కాగితంలో ఉంది. ఆ సంగతి ఇరవై అయిదేళ్లుగా ఇంట్లో నా ఒక్కడికే తెలుసు.

నేను బోర్లలోంచి మోటార్లు గుంజి బాగుచేసే మనిషిని. ఏడో తరగతి దాకా చదివాను. కవితలు రాస్తానని కలలో కూడా అనుకోలేదు. రెండేళ్ల కిందట జనగామ చౌరస్తాలో తెలంగాణ కోసం దీక్ష డేరా వేశారు. అక్కడి జనరేటరు మొరాయిస్తే బాగుచేయడానికి పోయాను. బాగుచేశాక లేచి రాలేదు. ఒక మూల కూర్చున్నాను. మరునాడూ పోయి కూర్చున్నాను. ఆ డేరా కింద సుశీల అనే టీచరు ఉండేది. బచ్చన్నపేట బడిలో తెలుగు చెబుతుంది. మైకు ముందు అరవడం చేతగాని వాళ్లందరికీ కాగితాలు పంచేది.

"లక్ష్మన్నా, నువ్వు నినాదం ఇయ్యవు, పాట అందుకోవు, చప్పట్లన్న కొట్టవు. ఏం జేస్తవ్ మరి?" అని ఒకరోజు నా ముందు నిలబడింది.

"కూసుంట టీచరమ్మా."

"కూసునుడు మా బర్రె గూడ కూసుంటది. నాలుగు ముక్కలు రాయి. కండ్లార చూసింది ఏదన్న సరే."

ఎండిపోయిన బోరు మీద రాశాను. మూడు వందల ఫీట్లు దిగినా దుమ్మే వచ్చిందని, నీళ్లు రైతు కళ్లలో వచ్చాయని. మైకులో ఆమే చదివింది. జనం చప్పట్లు కొట్టారు. పక్కనున్న చాయ్‌బండి చంద్రమ్మ, "ఓ లక్ష్మా, నీకు నోరు లేదనుకున్న, చేతిల దాసుకున్నవా?" అంది. అప్పటి నుంచి మోటార్ల లెక్కలు రాసే నోటుబుక్కులో వెనకవైపు నుంచి కవితలు రాయడం మొదలుపెట్టాను. కరువు మీద రాశాను, వలస మీద రాశాను. అన్నీ చప్పట్లు పడేవే.

ఒక్క సంగతి మాత్రం నన్ను వదిలేది కాదు. డేరాలో డప్పు మొదలుకాగానే నా ఎడమచెయ్యి దానంతట అదే పిడికిలి బిగుసుకునేది. దెబ్బలు లెక్కపెట్టేవాణ్ని. దీపావళి వస్తే చెవుల్లో దూది పెట్టుకుని పత్తిచేల మధ్యకు పోయి కూర్చునేవాణ్ని. నాకు చప్పుడంటే భయమని నా భార్య చాంది పిల్లలకు చెప్పేది. చప్పుడంటే నాకు భయం లేదు. రావలసిన చప్పుడు రాకపోతేనే భయం.

మాది మహబూబాబాద్ దగ్గర లంబాడీ తండా. నాకు పదేళ్లప్పుడు, ఎనభై ఆరులో, బావులు తవ్వే పనికి మా బాపు నన్ను వెంటబెట్టుకుని బచ్చన్నపేట వైపు వచ్చాడు. ఆ ఏడు శ్రావణంలో కూడా వాన లేదు. ఊరూరా పాత బావులను లోతు చేస్తున్నారు. కింద బండ తగిలితే రంధ్రాలు కొట్టి, మందు కూరి, వత్తి పెట్టి పేల్చేవాళ్లు. దానికొక కట్టుబాటు ఉంది. ఎన్ని రంధ్రాలకు నిప్పు పెడతారో అన్ని గులకరాళ్లు గడ్డ మీద ఒక మనిషి ఎడమచేతిలో పెట్టుకోవాలి. ఒక చప్పుడు వినిపిస్తే ఒక రాయి కుడిచేతికి మార్చాలి. ఎడమచేతిలో ఒక్క రాయి మిగిలినా ఆ రోజు బావిలోకి ఎవరూ దిగరు. తెల్లవారి దిగుతారు. అది రాజలింగు మేస్త్రి పని. ఆ రోజు రాజలింగుకు జ్వరం. బాపు రాళ్లు నా చేతిలో పెట్టాడు.

ఆ మరునాడు మా తండాలో తీజ్ ఆఖరి రోజు. పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి, ఆ రోజు వాగులో కలుపుతారు. తమ్ముడు రానిదే బుట్ట ఎత్తనని జమ్లీ అక్క కబురు పంపింది. సాయంత్రం జనగామలో ప్యాసింజరు రైలు ఎక్కాలి. పేలిన రాయి పైకి ఎత్తితే గానీ మమ్మల్ని పోనివ్వరు.

అయిదు రంధ్రాలు. బాపు వత్తులు అంటించి తాడు పట్టుకుని పైకి వచ్చాడు. ఇద్దరం మట్టికుప్ప వెనక పడుకున్నాం. ఒకటి. రెండు. కొంచెం ఆగి మూడు. తరువాత పెద్దగా నాలుగు. ఆ నాలుగోదాని వెంటనే ఎదుటి గుట్ట వైపు నుంచి ఇంకొకటి వచ్చింది. అది పేలిన చప్పుడో, గుట్టకు తగిలి తిరిగొచ్చిన చప్పుడో నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే తెలుసుకోవాలని అనుకోలేదు. అయిదో రాయిని కుడిచేతికి మార్చాను.

"అయినయారా?" అన్నాడు బాపు.

"అయినయ్."

బాపు దిగాడు. గడ్డపార వేశాడు. అయిదో చప్పుడు అప్పుడు వచ్చింది.

దవాఖానలో రాజలింగు మేస్త్రి జ్వరంతోనే వచ్చి, ఎన్ని పేలినయ్ బిడ్డా అని నన్ను అడిగాడు. అయిదు అన్నాను. రాయిలో మందు మిగిలి ఉంటుందిలే అని పెద్దవాళ్లు అనుకున్నారు. నన్ను మళ్లీ ఎవరూ అడగలేదు. బాపుకు కళ్లతో పాటు కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. రెండేళ్లకు ఏడో తరగతిలో నా చదువు ఆగింది. అమ్మ పోయాక జమ్లీ అక్క బాపును తన దగ్గరికి తీసుకుపోయింది. నేను ఏటా హోళీకి పోయి, కొత్త ధోతి ఇచ్చి, చాయ్ తాగి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ని.

కవితలు మొదలుపెట్టిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం, తెలంగాణ సమ్మెతో కరెంటు లేక చేతిలో పని లేక, దీన్ని రాయడానికి కూర్చున్నాను. రాశాను, చించాను. పదిసార్లు రాసి ఉంటాను. 'ఎవరో పిల్లగాడు' అని మొదలుపెట్టి అతని చేతిలో రాళ్లు పెట్టాను. సుశీల టీచరు రెండుసార్లు చదివింది.

"ఈ పిల్లగాడు ఎవరు లక్ష్మన్నా?"

"ఎవరో."

"ఎవరోనైతే అయిదో రాయి చల్లగ ఉండె అని నీకెట్ల ఎరుక? ఎవని చేతిల ఉన్నదో వానికే ఎరుక ఉంటది." కాగితం నా ఒళ్లో పెట్టింది. "పిల్లగాన్ని పంపించెయ్. నువ్వు రా."

ఇంటికి పోయి 'పిల్లగాడు' ఉన్నచోటల్లా కొట్టేసి 'నేను' అని రాశాను. మొదటి 'నేను' రాయడానికి అరగంట పట్టింది. పెన్ను ఒత్తి రాస్తే కాగితం చినిగింది. తరువాతివి సులువుగా వచ్చాయి. రాయడం అయ్యాక ఆకలేసింది. రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. చాంది నా ముఖం వింతగా చూసింది. మరునాడు డేరాలో డప్పు మోగుతుంటే వింటూ కూర్చున్నాను. పాట సగానికి వచ్చాక నా ఎడమచెయ్యి వైపు చూశాను. అది మోకాలి మీద ఊరికే ఉంది.

డేరా కింద రాసినవాళ్ల కవితలన్నీ చిన్న పుస్తకంగా వేయాలని సుశీల టీచరు పట్టుబట్టింది. సద్దుల బతుకమ్మ మరునాడు చౌరస్తాలో అందరూ చదవాలి. నాది మొదట ఉండాలంది.

"మా బాపు ఒద్దంటే ఒద్దు టీచరమ్మా."

"ఆయనకు తెల్వదా?"

"తెల్వదు."

ఆమె నా కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. తరువాత మెల్లగా, "పేరు మార్చి వేద్దామా?" అంది.

"మారిస్తే మళ్ల ఎవరో పిల్లగాడే అయితడు."

అట్లా బయలుదేరాను. దారిపొడవునా డేరాలే. ఆడవాళ్లు తంగేడు పువ్వు మోపులు నెత్తిన పెట్టుకుని గట్ల వెంట పోతున్నారు. పరకాల దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టారు. ఒక ముసలవ్వ కట్టె చాచి నన్ను ఆపింది.

"ఎటు వోతున్నవ్ కొడుకా? సమ్మె ఎరుకలేదా?"

"బాపు దగ్గరికి అవ్వా."

"పానం బాగలేదా?"

"బాగనే ఉంది. ఒక మాట చెప్పాలె."

"మంచి మాటనా?"

నేను జేబులో కాగితం తడుముకున్నాను. ఆమె నా ముఖం చూసి కట్టె తీసేసింది. "పో. చెప్పి రా. తిరిగొచ్చేటప్పుడు జై తెలంగాణ అంటెగని పోనియ్య."

రేగొండ చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊరి చౌరస్తాలో రోడ్డు మీదనే రాళ్ల పొయ్యిలు పెట్టి పెద్ద గంజుల్లో వండుతున్నారు. ఆ రోజు అక్కడ వంటావార్పు. రోడ్డు బంద్ చేసి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. మా బావ ప్రేమ్‌సింగ్ బొగ్గుగని పనివాడు. సమ్మెలో ఉన్నాడు. తెడ్డు పట్టుకుని పప్పు కలుపుతూ నన్ను చూసి చెయ్యి ఊపాడు.

బాపు ఇంటి ముందు మంచం మీద కూర్చుని వంటకు ఎల్లిపాయలు ఒలుస్తున్నాడు. ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతి మూడు వేళ్లతో పొట్టు తీస్తున్నాడు. ఒక్క పాయ కూడా చితకడం లేదు. బండి ఆపకముందే తల ఎత్తాడు.

"ఆ బండికి సైలెన్సర్ పోయింది, ఎయ్యించు. హోళీ ఇంక శానుంది గదరా. ఎవలు సచ్చిండ్రు?"

"ఎవలు సావలే బాపు. ఒకటి రాసిన. నీకు చదువుదామని వచ్చిన."

"నాకా? తహసీల్దారువా ఏంది, ఇంటికొచ్చి చదువుతందుకు?" నవ్వాడు. నేను నవ్వలేదని తెలిసి, నవ్వు ఆపాడు. "సరే. చదువు."

కాగితం విప్పాను.

*అయిదు రాళ్లు నా ఎడమచేతిల*
*ఒక్కో సప్పుడుకు ఒక్క రాయి కుడిచేతికి*
*నాలుగు రాళ్లు బండ చెప్పింది*
*అయిదోది గుట్ట చెప్పింది*
*రైలు తొందర ఉన్నోనికి*
*గుట్ట మాట గూడ మాటనే*
*'అయినయారా' అన్నడు బాపు*
*'అయినయ్' అన్న నేను*

మిగతాది కూడా చదివాను. బాపు ఒలవడం ఆపాడు. ఎల్లిపాయ చేతిలోనే ఉంది.

"తెలుగుల ఇన్నది చెవుల్నే ఉంటది," అన్నాడు చివరికి. "ఇంటి మాటల చెప్పు."

"ఇంటి మాటల రాయలే బాపు."

"రాసుడెందుకు? నోరు లేదా?"

అది నేను అనుకోలేదు. తెలుగులో రాసినన్నాళ్లూ ఆ సంగతికీ నాకూ మధ్య చిన్న గట్టు ఉండేది. మా తండా మాటలో గట్టు లేదు. ఆ మాటలోనే ఆ రోజు ఆయన నన్ను అడిగాడు. ఆ మాటలోనే నేను అబద్ధం చెప్పాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేల చూస్తూ, మొత్తం మళ్లీ చెప్పాను. కవితలో లేనిది కూడా చెప్పాను. దవాఖానలో రాజలింగుకు చెప్పిన రెండో అబద్ధం కూడా. ఆ తరువాత మేం మాట్లాడుకున్నదంతా ఆ భాషలోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

"తప్పు గుట్ట మీదికి తోసినవ్," అన్నాడు బాపు.

"నా తప్పే బాపు."

"గట్లనలే నేను." గొంతు పెద్దదైంది. "ఇరవై అయిదేండ్లు! ఏటా వస్తవ్, ధోతి ఇస్తవ్, సుట్టం లెక్క చాయ్ తాగి పోతవ్. నా మొకం చూసి జడుసుకుంటున్నవేమో అనుకున్న. బడి మాన్పించినందుకు పగ పట్టినవేమో అనుకున్న. నా కొడుకు నాకెందుకు దూరమైండో తెల్వక నేను ఈ మంచం మీద కూసుంటే, నువ్వాడ గులకరాళ్లు పట్టుకోని కూసున్నవా?"

చేతిలో ఎల్లిపాయ విసిరేశాడు. అది పోయి కోళ్ల మధ్య పడింది. కోళ్లు చెదిరి మళ్లీ వచ్చాయి. చౌరస్తా నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి.

"పెన్ను ఉన్నదా?" అన్నాడు.

"ఉంది."

"రాసుకో. అయిదో రంధ్రంల నీరూరింది. వత్తి తడిసింది. అంటించేటప్పుడు అది చిటపటమన్నది, నాకెరుక. పేలుతదో లేదో అని అనుమానం నాకుండె. నీకు చెప్పలే."

నేను ఆయన ముఖం చూశాను. 

"చెప్తే నువ్వు ఆగుమంటవ్. ఆగితే రైలు పోతది. తీజ్ నీకొక్కనికేనా? జమ్లీ నా బిడ్డ గాదా? చెవులల్ల బట్ట కుక్కుకున్న నేను. నాలుగా అయిదా నాకు తెల్వలే. అందుకే నిన్నడిగిన. అనుమానం నా దగ్గర పెట్టుకోని, పదేండ్ల పిల్లగాన్ని అడిగి దిగిన. లెక్క పట్టుడు మేస్త్రి పని. పిల్లగాని చేతిల రాళ్లు పెట్టినోడు ఎవడు? గది రాయి. గది లేకుంటే నీ పాట సగమే."

"నువ్వు గూడ ఎన్నడు చెప్పలే గద బాపు."

"ఎవలన్న అడిగిండ్రా?" అన్నాడు. ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుని, "అడిగినా చెప్పకపోదును," అన్నాడు.

గుమ్మంలో చప్పుడైంది. జమ్లీ అక్క బియ్యం తాంబాళం చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ముక్కు ఎర్రగా ఉంది. కొంగుతో తుడుచుకుంది.

"ఆ ఏడు నా బుట్ట వాగుల కలుపలే," అంది. "దవాఖానకు ఉరికినం. మొలకలు ఇంట్లనే ఎండిపోయినయ్. నేను రమ్మని కబురు పంపకపోతే గిట్ల గాకపోతుండె అని నాకు గూడ ఉండె లోపట." తాంబాళం ఇంకో చంకకు మార్చుకుంది. "అది గూడ రాసుకుంటవా ఏంది? ముగ్గురం కలిసి ఒక్క పాట కడుదాం. జర లెవ్వుండ్రి ఇగ. ఎల్లిపాయలు లేక ఆడ పప్పుకు పోపు పడలే."

బాపు మొదట నవ్వాడు. తరువాత అక్క. నాకు నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు వచ్చాయి. బాపుకు కనిపించవు కనుక తుడుచుకోలేదు. ఆయన మాత్రం చెయ్యి చాచి, నా భుజం దొరికేదాకా గాలిలో వెతికి, పట్టుకుని లేచాడు.

బండి సీటు మీద కాగితం పెట్టి నిలబడే రాశాను.

*అయిదో రంధ్రంల నీరూరింది*
*బాపుకెరుక, నాకు చెప్పలే*
*ఆ రైలుకు ముగ్గురం*
*ముగ్గురం తొందరపడ్డం*

చదివి వినిపించాను.

"ఆ," అన్నాడు బాపు. "ఇప్పుడు బరువు సరిపోయింది. యాడ చదువుతవ్?"

"జనగామల. చౌరస్తాల."

"నన్ను తీస్కపో."

"బస్సుల్లేవు బాపు. నూరు కిలోమీటర్ల పైననే."

"నీ బండి లేదా? వెనక కూసుంట. దారి చూసుడు నీ పని, కూసునుడు నా పని."

చౌరస్తాలో మేం పోయేసరికి పొయ్యిల మీద నుంచి గంజులు దించుతున్నారు. ప్రేమ్‌సింగ్ బావ బాపు చేతిలోంచి ఎల్లిపాయల గిన్నె అందుకున్నాడు.

"మామా, నీ ఎల్లిపాయల కోసం తెలంగాణ ఆగింది."

"ఇరవై అయిదేండ్లు ఆగిన వాళ్లున్నరు," అన్నాడు బాపు. "నువ్వు అద్దగంట ఆగలేవా?"

బావకు అర్థం కాలేదు. పోపు వేశాడు. ఆ ఘాటుకు ముందు వరుసలో వాళ్లంతా తుమ్మారు. రోడ్డు మీద తెల్లగీత పొడవునా జనం బంతులుగా కూర్చున్నారు. టీచర్లు, గనివాళ్లు, పత్తి ఏరేవాళ్లు, షాపులు మూసుకుని వచ్చినవాళ్లు. నినాదం ఇచ్చే పిల్లగాని గొంతు పోయింది. ఇంకెవరో అందుకున్నారు. విస్తర్లు పడ్డాయి, అన్నం పడింది, పప్పు పడింది. మొదటి ముద్ద నోట్లోకి పోగానే నినాదాలు వాటంతట అవే ఆగిపోయాయి. అంతమంది ఉన్నా నాకు వినిపించింది తినే చప్పుడే.

బాపు నాకు ఎడమవైపు కూర్చున్నాడు. జమ్లీ అక్క అటుపక్క. పప్పు ఎక్కడుందో చూపించబోతే బాపు నా చెయ్యి పక్కకు తోసేశాడు. మూడు వేళ్లతో తానే వెతుక్కుని కలుపుకున్నాడు. ఆయన మోకాలు నా మోకాలికి ఆనింది. ఆయన తీయలేదు, నేనూ జరగలేదు. అన్నం బుట్ట రెండోసారి వచ్చింది. ముగ్గురిలో ఎవరమూ వద్దనలేదు.